జారని గీత

ఐసీయూ గాజుతలుపు ముందు గంగబాబు నిలబడి అది ఐదో రోజు. కుర్చీలు లేక కాదు, మూడున్నాయి. తను కూర్చుంటే లోపల తమ్ముడు పోతాడేమోనని ఒక పిచ్చిభయం పట్టుకుంది. అలాంటి భయాలకు అర్థం ఉండదని అతనికీ తెలుసు. తెలిసీ నిలబడే ఉన్నాడు.

అంబాజీపేటలో ఓ కొబ్బరికాయల కొట్లో నలభై ఏళ్ళుగా కాయలు ఏరే పని అతనిది. ఐదో తరగతిలోనే బడి మానేశాడు. అయినా ఈ ఐదు రోజుల్లో లోపలున్న మానిటరు చదవడం నేర్చేసుకున్నాడు. పైనున్న పచ్చ అంకె గుండెది, దాని జోలికి పోడు. కిందున్న నీలం అంకె ఊపిరిది. అది తొంభై దాటితే ఒక గుక్క టీ గొంతు దిగుతుంది. తొంభై లోపుకి వస్తే ఆ టీ చేతిలోనే చల్లారిపోతుంది.

మంచం మీద చిట్టిబాబు. నలభై మూడేళ్ళవాడు. కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీసే పని. ఇప్పుడు నోట్లో గొట్టం, ముక్కులో గొట్టం, చేతులకు సూదులు. ఊపిరి కూడా సొంతం కాదు, పక్కనున్న వెంటిలేటరు పంపితే రొమ్ము లేస్తుంది, ఆపితే పడుతుంది. వరద తీసిన వారానికి జ్వరం వచ్చింది. జ్వరం నిమ్ములోకి దిగింది. ఊళ్ళో ఉన్న ఆరెంపీ నాలుగు రోజులు సూదులు పొడిచి, ఇక తన వల్ల కాదని చేతులెత్తేసేసరికి పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. అలా అమలాపురం తెచ్చి పడేశారు.

తెచ్చిన రోజున డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు క్రాంతికుమార్ కాయితం ముందు పెట్టుకుని అడిగాడు.

"పాత జబ్బులేవన్నా ఉన్నాయాండీ? షుగరు, బీపీ, ఊపిరితిత్తులకి సంబంధించి ఏదన్నా?"

చిట్టిబాబు పెళ్ళాం లక్ష్మీతులసి పక్కనే ఉంది. ఆమె తమ్ముడు సోమేశ్వరరావు, మురమళ్ళలో ఆటో నడిపేవాడు, ఆమె వెనకాల ఉన్నాడు. ఇద్దరూ గంగబాబు మొహంలోకి చూశారు. ఇంటికి పెద్ద అతనే కదా.

"ఉబ్బసం ఉందండీ," అన్నాడు గంగబాబు. "చిన్నప్పట్నించీ ఉందండీ."

డాక్టరు రాసుకున్నాడు. అంతే.

ఉబ్బసం అన్న ఆ మాట గంగబాబు కనిపెట్టిందే. ఇరవై రెండేళ్ళ కిందట చిట్టిబాబుకి వచ్చింది క్షయ. ఎడమ రొమ్ములో నీరు చేరితే, బస్సుల్లో మూడుసార్లు తీసుకెళ్ళి, పెద్ద సూదితో ఆ నీరు తీయించింది గంగబాబే. గాజుగ్లాసులో కల్లు రంగులో ఉన్న ఆ నీరు అతనికి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. తల్లీదండ్రీ అప్పటికే లేరు. ఏడాదిపాటు తమ్ముడికి మాత్రలు తన చేత్తో మింగించాడు, గుడ్లు ఉడకబెట్టి పెట్టాడు. ఊళ్ళో ఎవరడిగినా ఉబ్బసం అన్నాడు. ఆ రోజుల్లో క్షయ అంటే ఆ ఇంటి మంచినీళ్ళు కూడా ఎవరూ ముట్టుకునేవారు కాదు. వాడిని దింపుకి ఎవడు పిలుస్తాడు? వాడెక్కిన చెట్టు కాయ ఎవడు కొంటాడు? జబ్బు తగ్గాక ఆసుపత్రి కార్డు పొయ్యిలో పెట్టి, అది మొత్తం కాలేదాకా చూసి లేచాడు.

ఊరికి చెప్పిన అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. మూడేళ్ళు తిరక్కుండా తులసి సంబంధం వచ్చింది. మురమళ్ళ వీరేశ్వరస్వామి గుళ్ళో మాటలు. తులసి తండ్రి నెమ్మదస్తుడు, గంగబాబుని ధ్వజస్తంభం పక్కకి తీసుకెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మా పెద్దల్లుడు దగ్గి దగ్గి పోయేడండీ. పెద్దపిల్ల ముప్ఫై నిండకుండా ఇంటికొచ్చేసింది. కట్నాలూ కానుకలూ నాకు పట్టవండీ. మీ ఇంట్లో ఆ రోగం లేదని స్వామి ముందు ఒక్క మాట అనండి చాలు."

గంగబాబు అన్నాడు. గర్భగుడి వైపు తిరిగి, కర్పూరం మీద చెయ్యి పెట్టి మరీ అన్నాడు. ఆ స్వామికి రోజూ పెళ్ళే. ఎవరో పెళ్ళికాని పిల్లల కోసం ఆ పూట కూడా కల్యాణం జరుగుతోంది, సన్నాయి మోగుతోంది. ఆ గోలలో తన మాట ఆయన చెవిన పడి ఉండదులే అనుకున్నాడు గంగబాబు. ఇరవై ఏళ్ళ పాటు ఆ నమ్మకం మీదే నిద్రపోయాడు.

తమ్ముడు మాత్రం అంత తేలిగ్గా తీసుకోలేదు. రెండు నెలల కిందట ఓ మధ్యాహ్నం కొట్టుకొచ్చి, కాయల రాశి పక్కన గొంతుక్కూచున్నాడు. చిక్కిపోయి ఉన్నాడు.

"అన్నయ్యా, సాయంత్రవయితే ఒళ్ళు వెచ్చబడతంది. దగ్గు కూడా ఆ పాతదిలాగే ఉంది. మళ్ళీ అదేనంటావా?"

"నోర్ముయ్యరా," అన్నాడు గంగబాబు. రాశికి అవతల ఇద్దరు కూలీలున్నారు, వాళ్ళ వైపు చూశాడు. "ఉబ్బసం. గాలి మారింది. ఆరెంపీ దగ్గరికెళ్ళి మాత్రలేయించుకో."

చిట్టిబాబు అన్నయ్య మాట కాదనడం ఎరగడు. వెళ్ళి మాత్రలే వేయించుకున్నాడు.

*

ఆ ఆసుపత్రికి యజమాని అయిన పెద్ద డాక్టరు పొద్దుట ఒకసారి వస్తాడు. వచ్చినప్పుడు సెంటు వాసన వస్తుంది, సెల్‌ఫోను మోగుతుంది, రెండు ఇంగ్లీషు ముక్కలు వినబడతాయి. మనిషి మొహం మాత్రం ఐదు రోజులైనా గంగబాబుకి తిన్నగా కనబడలేదు. ఐసీయూ భారమంతా క్రాంతికుమార్‌దీ, సిస్టరు దీనమ్మదీ. ఎనిమిది మంచాలకి వాళ్ళిద్దరే.

క్రాంతికుమార్‌ది రాజోలు దగ్గర పల్లె. వాళ్ళ తాత గంగబాబు తాతలాగే ఒకరి చేలో పాలేరు. తండ్రి చర్చి బడిలో చదివి మాస్టారయ్యాడు, కొడుకు డాక్టరయ్యాడు. తన నాన్నేమో తనని బళ్ళోంచి లాక్కొచ్చి కాయల రాశి ముందు కూచోబెట్టేడని గంగబాబుకి మొదటిరోజు కడుపు మండింది. రెండో రోజు ఆ కుర్రాడు తిండి కూడా లేకుండా తమ్ముడి మంచం పక్కన నిలబడడం చూసి ఆ మంట దానంతటదే ఆరింది.

ఆ కుర్రాడు నాలుగు రోజులుగా పెద్ద డాక్టరుని ఒకటే బతిమాలుతున్నాడు. "సార్, కింద స్కానింగు మిషను పైకి తెప్పిస్తే రోజూ ఊపిరితిత్తులు చూసుకోవచ్చు సార్. పేషెంటుని కదపక్కర్లేదు."

పెద్ద డాక్టరు చెయ్యి అడ్డంగా ఊపుతాడు. ఆ మిషను కడుపుతో ఉన్నవాళ్ళకి వాడేది, కడుపులోది ఆడో మగో చూడకూడదన్న చట్టం కింద ఆ గదిలోనే ఉండాలని కాయితాలున్నాయి, బయటికి తీస్తే నువ్వు జవాబు చెబుతావా? ఎక్స్‌రే చాలు.

ఎక్స్‌రేలో రెండు పక్కలా తెలుపే. ఎడమ పక్క ఇంకాస్త ఎక్కువ తెలుపు. నిమ్మే అనుకున్నారు అందరూ. ఆ తెలుపులో పాత మచ్చ ఎంతో, కొత్త జబ్బు ఎంతో విడదీసి చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతను గాజుకి ఇవతల నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు.

*

ఐదో రోజు మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. దుప్పటి మార్చడానికి తమ్ముడిని అటూ ఇటూ తిప్పారు. ఆ తర్వాత పావుగంటకి నీలం అంకె తొంభై రెండు నుంచి ఎనభై ఆరుకి దిగింది. గంగబాబు టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఎనభై. వెంటిలేటరు కూతపెట్టడం మొదలెట్టింది. డెబ్భై ఏడు.

క్రాంతికుమార్ పరిగెత్తుకొచ్చాడు. గొట్టం జారిందేమోనని దాని మీది గుర్తు చూశాడు, సరిగ్గానే ఉంది. గొట్టంలోంచి సన్నటి పైపు పంపి కఫం లాగాడు, నాలుగు చుక్కలు తప్ప రాలేదు. స్టెతస్కోపు కుడిపక్క పెట్టాడు, ఎడమపక్క పెట్టాడు, మళ్ళీ ఎడమపక్కే పెట్టాడు.

"సిస్టర్, లెఫ్టు అసలు వినబట్టంలేదు. ఎక్స్‌రే అబ్బాయిని పిలవండి."

"భోజనానికెళ్ళేడండీ. ఫోనెత్తట్లేదు," అంది దీనమ్మ.

ఆ కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తలుపు తోసుకుని, గంగబాబుని భుజంతో పక్కకి నెట్టి, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు. మళ్ళీ వచ్చేటప్పటికి అతని రెండు చేతుల మధ్య పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఒక చిన్న స్కానింగు మిషను ఉంది. తీగలు మెట్ల మీద ఈడ్చుకుంటూ వస్తున్నాయి. వెనకాల కింది అంతస్తు ఆయమ్మ "కాయితం లేకుండా ఎలాగండీ బాబూ" అని అరుస్తూ వస్తోంది.

బయట కాలవగట్టు మీద అన్నం తిని అప్పుడే వచ్చిన సోమేశ్వరరావు ఆ మిషను చూసి అక్క వైపు తిరిగాడు. "అదేంటి చిన్నక్కా, ఆడాళ్ళకి పెట్టే మిషను బావకి పెడతన్నారు? బావకేవన్నా నెలలు నిండినియ్యా?"

తులసి నవ్వలేదు. గాజుకి నుదురు ఆనించి లోపలికి చూస్తోంది. ఆమె ఊపిరికి గాజు మీద తెల్లగా పొగ కమ్ముతోంది, చెంగుతో తుడుస్తోంది, మళ్ళీ కమ్ముతోంది.

లోపల క్రాంతికుమార్ చిట్టిబాబు రొమ్ము మీద చల్లటి జెల్లు పిండి, పిడిలాంటిది పక్కటెముకల మధ్య ఆనించాడు. మిషను తెర తలుపు వైపే ఉంది. కుడిపక్క పెట్టినప్పుడు తెర మధ్యన అడ్డంగా ఒక తెల్లటి గీత, వెంటిలేటరు ఊపిరి పంపినప్పుడల్లా ఆ గీత అటూ ఇటూ జారుతోంది, కాలవ నీటి మీద ఎండ కదిలినట్టు. ఎడమపక్క పెట్టాడు. గీత ఉంది. జారడం లేదు. గోడ మీద సుద్దతో గీసినట్టు నిలబడిపోయింది. పైకి పెట్టాడు, కిందికి పెట్టాడు. ఎక్కడా జారలేదు.

ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి పెద్ద డాక్టరుతో ఏదో చెప్పాడు. అవతలి నుంచి వచ్చిన జవాబు చిన్నది. ఫోను పెట్టేసి తలుపు దగ్గరికి వచ్చాడు. నుదుటి మీద చెమట కారుతోంది.

"తొందరగా చెబుతాను, వినండి. ఊపిరి తీసినప్పుడు ఊపిరితిత్తి రొమ్ముగోడ మీద జారుతూ ఉంటుంది. ఎడమపక్క జారట్లేదు. ఊపిరితిత్తి చిల్లుపడి గాలి ఆ రెంటి మధ్యలోకి చేరి ఉంటుంది. గాలయితే ఇప్పుడే పక్కలో కోసి గొట్టం వెయ్యాలి, లేకపోతే నిమిషాల్లో మనిషి పోతాడు."

"వెయ్యండి బాబూ," అంది తులసి. "అడగడవెందుకండీ, వెయ్యండి."

"ఒక్కటే అనుమానం నాకు. ఎప్పుడో జబ్బు చేసి ఊపిరితిత్తి గోడకి అంటుకుపోయినా ఇలాగే కనబడుతుంది. అలా అంటుకున్నదాంట్లో గొట్టం దింపితే ఊపిరితిత్తే చిరుగుతుంది, రక్తం ఆగదు. అందుకని అడుగుతున్నాను. ఈయనకి ఎప్పుడైనా టీబీ గానీ, రొమ్ములో నీరు తీయడం గానీ జరిగిందా?"

సోమేశ్వరరావు అంతెత్తున లేచాడు. "టీబీయా? ఏం మాటలండీ అవి! ఆ రోగం లేదని గుళ్ళో ప్రమాణం చేయించుకుని మా నాన్న పిల్లనిచ్చేడు. మా ఇంట్లో ఆ పేరెత్తమండీ."

"ఉబ్బసం ఒక్కటేనండీ," అంది తులసి. అని, బావగారి వైపు చూసింది.

డాక్టరూ గంగబాబు వైపే చూశాడు. "బాబాయ్‌గారూ?"

గంగబాబు నోరు తెరిచాడు. నాలుక ఇరవై ఏళ్ళుగా నడిచిన దారినే నడిచింది.

"ఆయ్. ఉబ్బసవేనండీ."

"సరే," అని డాక్టరు తిరిగిపోయాడు. తలుపు మూసుకుంది.

*

దీనమ్మ తమ్ముడి ఎడమచెయ్యి తలమీదికి ఎత్తి కట్టింది. చంక కింద గోధుమరంగు మందు పోసి రుద్దింది. పచ్చగుడ్డ కప్పింది, మధ్యలో అరచేతంత కన్నం. క్రాంతికుమార్ చేతులకు తొడుగులు వేసుకున్నాడు. నీలం అంకె డెబ్భై మూడు.

గంగబాబు కళ్ళు ఆ కన్నం మీదే నిలిచిపోయాయి.

అతను బతుకంతా చేసిన పని ఒకటే. కురిడీకాయలు ఏరడం. కాయలను అటక మీద పదినెలలు ఉంచితే లోపలి నీరు ఇంకిపోతుంది, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా విడివడుతుంది. కాయ చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గుండు చిప్పకి కొట్టుకుని టకటకమంటుంది. అది మంచికాయ. చిప్ప కొడితే గుండు గుండుగా బయటికొస్తుంది. కొన్ని కాయలు ఊపితే పలకవు. కొత్తగా వచ్చినవాడు, లోపల నీరు ఉందేమో, కుళ్ళిందేమో అనుకుని కత్తి వేసేస్తాడు. కాని నీరూ ఉండదు, కుళ్ళూ ఉండదు. కొబ్బరి ఓ పక్క చిప్పకి అంటుకుపోయి ఉంటుంది. కత్తి దిగితే చిప్పతో పాటే ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంది. అలాంటి కాయని కత్తి పడకముందే పట్టుకుని పక్కన పెట్టడానికే షావుకారు గంగబాబుకి కూలి ఇస్తున్నాడు. పలకని కాయ మీద కత్తి వెయ్యొద్దురా అని ఎంతమంది కుర్రాళ్ళని తిట్టాడో లెక్కలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట, మూడోసారి నీరు తీశాక, అప్పటి ముసలి డాక్టరు చిట్టిబాబు వీపు మీద వేళ్ళతో కొట్టి చెప్పిన మాట కూడా చెవిలో ఉంది. "ఈ పక్క ఊపిరితిత్తి గోడకి అతుక్కుపోయిందయ్యా. ఇంక నీరు పట్టడానికి చోటు లేదులే."

డాక్టరు చేతిలో చిన్న కత్తి మెరిసింది.

గంగబాబు తలుపు తోసుకుని లోపలికి పడ్డాడు. చెప్పులతోనే.

"ఆగండి బాబూ! కొయ్యొద్దు! అంటుకుపోయిందండీ, ఆ పక్క అంటుకుపోయింది!"

"బయటికి, బయటికెళ్ళండి," అంది దీనమ్మ.

"టీబీ అండీ వాడికి! ఇరవై రెండేళ్ళయింది. ఎడమపక్కే. మూడుసార్లు నీరు తీయించేను, నేనే. కార్డు నేనే కాల్చేసేను. ఉబ్బసం లేదు, ఏం లేదు, అంతా నేను కల్పించిందే. ఆ గొట్టం వెయ్యకండి, మీ కాళ్ళట్టుకుంటాను!"

క్రాంతికుమార్ కత్తి పట్టుకున్న చెయ్యి అలాగే నిలిచిపోయింది. అతను గంగబాబుని తిట్టలేదు. తిట్టడానికి తీరిక లేదు. కత్తి పళ్ళెంలో పడేసి, మళ్ళీ మిషను పిడి అందుకుని అదే ఎడమపక్క ఆనించి, కదలకుండా పట్టుకుని, తెర మీదికి వంగి చూశాడు. జారని గీత. ఊపిరికి అది జారడం లేదు. కాని రెప్పలార్పకుండా చూస్తే, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ గీత సన్నగా అదురుతోంది. పచ్చ అంకెతో పాటే అదురుతోంది.

"గుండె దెబ్బ గీతదాకా వస్తోంది సిస్టర్," అన్నాడు. "మధ్యలో గాలుంటే రాదు. గాలి లేదు. గొట్టం వద్దు." పిడి కిందికి జరిపాడు. అక్కడ ఊపిరితిత్తి ఉండాల్సినచోట నల్లగా, గట్టిగా, కార్జం ముక్కలాంటిది కనబడింది. "ఇదీ సంగతి. కఫం ముద్ద ఎక్కడో లోపల అడ్డంపడి ఎడమపక్క మొత్తం మూసేసింది. తిప్పండి. ఎడమపక్క పైకి రావాలి. సెలైను ఇవ్వండి."

ఎనిమిది మంచాలకి ఇద్దరే మనుషులు. ఆ తిప్పడానికి చేతులు చాలవు.

అప్పటికే సోమేశ్వరరావు లోపలికి వచ్చేసి గంగబాబు కాలరు పట్టుకున్నాడు. "దొంగనాకొడకా! గుళ్ళో కర్పూరం మీద చెయ్యేసేవు కదరా! మా నాన్న నిన్ను చేతులట్టుకుని అడిగేడు కదరా!"

"బాబూ, మీ కొట్లాట తరవాత పెట్టుకోండి," అంది దీనమ్మ, అటు చూడకుండానే. "ముందీ మనిషి నడుం పట్టుకోండి. పట్టుకోండంటుంటే! మీ బావేగా?"

సోమేశ్వరరావు ఒక్కసారి మంచం వైపు చూశాడు. కాలరు వదిలేశాడు. ఏడుపు ఆపుకుంటూ వెళ్ళి బావ నడుం కింద చేతులు దూర్చాడు.

ముగ్గురూ కలిసి చిట్టిబాబుని కుడిపక్కకి ఒత్తిగిల్లజేశారు. క్రాంతికుమార్ గొట్టంలోకి సెలైను పోసి, చేత్తో నొక్కే సంచీ తగిలించి ఊపిరి కొడుతున్నాడు. దీనమ్మ కఫం లాగే పైపు పట్టుకుంది. డెబ్భై. అరవై ఎనిమిది.

"వీపు తట్టాలి. అరచెయ్యి గుల్లగా పెట్టి, కింది నుంచి పైకి. బాబాయ్‌గారూ, మీరు రండి. గట్టిగా."

గంగబాబు తట్టడం మొదలెట్టాడు. తమ్ముడి వీపు అతనికి కొత్త కాదు. తల్లి పోయాక ఈ వీపుకి నూనె రాసి నీళ్ళు పోసింది తనే. ఇప్పుడు దాని మీద ఎముకలు తప్ప ఏమీ లేదు. చెయ్యి పడిన చోటల్లా శబ్దం మొద్దుగా వస్తోంది, పలకని కాయలాగే. తడుతూ తడుతూ తనకి తెలియకుండానే ఏదో గొణుగుతున్నాడు. "రారా నాయనా. రారా. నా నోరు పడిపోనూ. మళ్ళీ అదేనా అని అడిగేవు కదరా నువ్వు. అదే అనాల్సింది. రారా."

అరవై ఆరు.

"ఆపకండి," అన్నాడు డాక్టరు.

పైపులో గరగరమంది. దీనమ్మ మణికట్టు అటూ ఇటూ తిప్పి లాగింది. బొటనవేలంత ముద్ద, బంకలా సాగుతూ, మధ్యలో నెత్తుటి చారతో సీసాలో పడింది. దాని వెనకే ఇంకోటి.

చిట్టిబాబు వీపు గంగబాబు అరచేతి కింద పొంగింది. కొంచెమే, చంటిపిల్లాడు నిద్రలో ఊపిరి తీసినంత. డెబ్భై. డెబ్భై నాలుగు. అక్కడ చాలాసేపు ఆగింది. ఎనభై. ఎనభై ఐదు. ఎనభై ఎనిమిది దగ్గర నిలబడింది. అక్కణ్ణించి కదల్లేదు.

*

క్రాంతికుమార్ తొడుగులు విప్పి, గోడకి ఆనుకుని, ఓ గ్లాసుడు నీళ్ళు తాగాడు. అప్పటికి గానీ అతనికి కోపం రాలేదు.

"ఉబ్బసం అన్నారు కదా అని మొదటిరోజు నుంచి ఎక్కిస్తున్న మందుల్లో స్టెరాయిడ్లున్నాయి. టీబీ మళ్ళీ లేచి ఉంటే ఆ మందు దానికి మేతేసినట్టు. మీకేవన్నా తెలుస్తోందా నేను చెప్పేది? నాలుగు రోజులు పోయినియ్యి. ఆ ముద్ద పరీక్షకి పంపుతున్నాను. ఆ మందు ఇప్పుడే తగ్గించడం మొదలెడతాను."

"బతుకుతాడాండీ?" అన్నాడు గంగబాబు.

"తెలీదు. ఈ పూట బతికేడు." ఆ కుర్రాడు తలుపు దగ్గర నిలబడ్డ తులసి వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "అమ్మా, ఒకవేళ అదే అయితే, ఆయనతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళందరూ పరీక్ష చేయించుకోవాలి. భయపడాల్సిందేం లేదు, మందులున్నాయి. ఇంట్లో ఇంకెవరున్నారండీ?"

తులసి అంతా వింది. గంగబాబు లోపలికి దూకినప్పుడు తలుపు తెరిచే ఉండిపోయింది, ఒక్క మాట కూడా పోలేదు. ఇప్పుడు తలుపు చట్రం పట్టుకుంది.

"మా అమ్మాయండీ. దివ్య. డిగ్రీ చదువుతోంది. దానికి నెల్లాళ్ళ బట్టీ దగ్గండీ. ఇంటి పేరు నిలబెట్టేవే, నీకూ నాన్న ఉబ్బసవే వచ్చిందే అని నవ్వుకున్నామండీ."

సోమేశ్వరరావు గంగబాబు మీదికి మళ్ళీ ఒక అడుగు వేశాడు. తులసి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తమ్ముడూ. కొడితే ఆ చేతులు పనికి రావు." గంగబాబు మొహం కేసి చూడకుండా, డాక్టరుని అడిగింది. "ఆ తట్టడం ఇంకా ఉందాండీ?"

"రెండు గంటలకోసారి తట్టాలమ్మా. రెండు మూడు రోజులు. లేకపోతే మళ్ళీ అడ్డంపడుతుంది."

"అయితే బావగార్ని ఉండమనండి. వచ్చి తట్టి వెళ్ళమనండి. నాతో మాత్రం మాట్లాడొద్దని చెప్పండి. నా ఎదురుగా కూచోవద్దని చెప్పండి."

రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి ఆ మాట డాక్టరు నోటి మీదుగా చేరాలి. డాక్టరు మిషను తీగలు చుట్టుకోసాగాడు.

"ఆయ్," అన్నాడు గంగబాబు, నేల మీదికి చూస్తూ.

వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. ఐదు రోజుల్లో అతను కూర్చోవడం అదే మొదలు. అరచేతులు ఎర్రగా కంది, మంటపెడుతున్నాయి. మూడున్నర కొట్టేసరికి దీనమ్మ వచ్చి, "రండి బాబాయ్‌గారూ," అంది.

లోపలికెళ్ళి తమ్ముడి వీపు వెనక నిలబడ్డాడు. నీలం అంకె ఎనభై ఏడు. చెయ్యి గుల్లగా పెట్టి తట్టడం మొదలెట్టాడు. కింది నుంచి పైకి. ఒక దెబ్బ మొద్దుగా, ఒక దెబ్బ కాస్త పలుకుతున్నట్టుగా. పలుకుతోందో, పలకాలని తనకి అలా వినిపిస్తోందో తేల్చుకోలేకపోయాడు. నలభై ఏళ్ళలో అతని చెవికి అలాంటి అనుమానం ఎప్పుడూ రాలేదు.

సగం తెరిచిన గాజుతలుపు అవతల తులసి గోడ వైపు తిరిగి ఫోనులో మాట్లాడుతోంది. ఎంత మెల్లగా మాట్లాడినా అతనికి వినబడుతూనే ఉంది.

"దివ్యా, కాలేజీలో చెప్పి వచ్చెయ్యమ్మా. అవును, అమలాపురవే. ఇప్పుడే బస్సెక్కు... లేదమ్మా, నాన్నకి బానే ఉంది. నాన్న కోసం కాదు."

గంగబాబు చెయ్యి ఆగబోయింది. దీనమ్మ కళ్ళతోనే ఆపొద్దంది. అతను తడుతూనే ఉన్నాడు.

"నీ కోసం," అంటోంది తులసి.